చెరువు కట్టకు యజమాని ఎవరు?

మన సంఘం ప్రత్యేక సంచికకు ‘మీ ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయండి’ అని సంపాదకవర్గం వారు అడిగారు. డి.ఎ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి రాసే మిత్రులు ఎలాగూ ఉన్నారు కనుక చరిత్ర నా వంతుకు వచ్చింది. పల్నాటి చరిత్ర అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారంపూడి రణరంగం గుర్తుకొస్తాయి. వాటి మీద పండితులు కావలసినంత రాశారు. పల్నాటి నీళ్లు అనగానే నాగార్జునసాగర్ గుర్తుకొస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన సంగతి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలిన సంగతి మన తరం వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

నేను ఎంచుకున్న విషయం వీటికంటే చాలా చిన్నది. ఊరి చివర కుంట కట్ట, చెరువు కట్ట. పది పదిహేను అడుగుల ఎత్తు మట్టికట్టే అయినా అది తెగిన రాత్రి దిగువన ఉన్నవాళ్లకు సాగర్ అంత పెద్దది. అలాంటి కట్టకు యజమాని ఎవరు, కాపలా ఎవరిది, తెగితే జవాబుదారీ ఎవరిది అనే ప్రశ్న మన దేశంలో చాలా పాతది. ఈ ప్రశ్న ఒకప్పుడు లండన్ దాకా వెళ్లింది. వెళ్లింది కూడా ఒక తెలుగు జమీందారు చెరువుల మీదనే. ఆ కథ మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి, దానికి ముందు వెనుకలు కలిపి ఇక్కడ రాస్తున్నాను.

శాసనాలలో చెరువు

మన పెద్దలు సప్త సంతానాలలో తటాకాన్ని ఒకటిగా చెప్పారు. గుడి కట్టించడం, వనం నాటించడం, కావ్యం అంకితం పుచ్చుకోవడంతో సమానంగా చెరువు తవ్వించడాన్ని ఎంచారు. సంతానం అన్నారంటే కని వదిలిపెట్టేది కాదనీ, పెంచి పోషించవలసిందనీ అర్థం. చెరువు తవ్వించిన పుణ్యం సంగతి అందరం చెప్పుకుంటాం గాని, దాన్ని పోషించే సంగతి శాసనాలు ఎంత వివరంగా ఆలోచించాయో అంతగా చెప్పుకోము.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క రాశారు. అంతకంటె విలువైనది ఏమంటే, మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు ఉంటాయని అందులో పట్టిక ఇచ్చారు. గట్టి నేల, రెండు కొండల నడుమ మరీ పొడవు కాని దృఢమైన కట్ట, జలశాస్త్రం తెలిసిన పండితుడు, పనితనం తెలిసిన మనుషులు వంటివి అంగాలు. దోషాలలో చౌడు నేల ఉంది. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఉంది. నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం ఉన్నాయి. చెరువు మధ్య మెరక ఉంది. వీటితోపాటు, కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషమని చెప్పారు.

కట్ట ఊట, సరిహద్దు తగాదా అనే రెండు దోషాలను దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆరున్నర శతాబ్దాల తర్వాత కూడా చిన్న చెరువులకు తెగుళ్లు ఆ రెండే. రెండు రాజ్యాలకు బదులు రెండు శాఖలు అనుకుంటే సరిపోతుంది.

పోషణ ఖర్చుకు ఆ కాలం వాళ్లు కనిపెట్టిన ఉపాయం దశబంధం. చెరువు తవ్వించినవారికి, లేదా తెగిన చెరువును బాగుచేయించినవారికి, దాని కింద కొంత భూమిని మాన్యంగా గాని, ఆదాయంలో పదో వంతుగా గాని ఇచ్చేవారు. రాయలసీమలో, నెల్లూరు ప్రాంతంలో ఇవి ఎక్కువ. ఈ ఈనాం బహుమానం కాదు, షరతు మీద ఇచ్చినది. కట్టను మరమ్మతులో ఉంచినన్నాళ్లే మాన్యం. చెరువు ఒక మనిషిది, కాని దాని కింద బతుకులు ఊరందరివి. అందువల్ల ఆ మనిషికి హక్కునూ బాధ్యతనూ ఒకే కాగితంలో రాసి ఇచ్చారు. రెవెన్యూలో పనిచేసిన మన మిత్రులు ఆలోచిస్తే, ఇంత శుభ్రమైన ఉత్తర్వు తరువాతి కాలంలో చాలా అరుదని ఒప్పుకుంటారు.

జమీందారీ కాలం

గుంటూరు సర్కారు 1788లో కంపెనీవారి చేతికి వచ్చింది. 1802లో శాశ్వత పైసలా జరిగింది. వాసిరెడ్డి వారు, మల్రాజు వారు, మానూరు వారు జమీందారులయ్యారు. మన నరసరావుపేట పేరు మల్రాజు నరసరావుగారి మీదుగా వచ్చిందేనని అందరికీ తెలుసు. పేష్కషు ఇంత అని ఖాయం చేసి, మిగిలిన వ్యవహారం జమీందారుకు వదిలారు. జమీలోని చెరువులు కూడా జమీందారు కిందికి వచ్చాయి. ఇప్పటి మాటలో చెప్పాలంటే ప్రైవేటు చెరువులయ్యాయి.

జమీందారు స్థితి బాగుంటే చెరువుకు నాలుగు బుట్టల మట్టి పడేది. కిస్తులు బకాయిపడితే మొదట ఆగేది మట్టిపనే. ఆ లోగా 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనాభా ఉంటే లక్షన్నర నుంచి 2 లక్షల మంది దాకా పోయారని లెక్కలు. దాన్నే డొక్కల కరువు అని మన ముత్తవ్వలు చెప్పేవారు. వాన లేనిదే చెరువు ఏం చేస్తుందని అడగవచ్చు. పడిన కొద్ది వానను పట్టి నిలపడానికే కదా చెరువు! కట్ట బలంగా లేని ఊరికి ఆ కొద్దీ దక్కదు. తరువాత 1840లలో గుంటూరు జిల్లా పెద్ద జమీందారీలు బకాయిల కింద ప్రభుత్వ వశమయ్యాయి. 1846లో వాల్టర్ ఎలియట్ దొర ఇచ్చిన నివేదిక ఆ వ్యవహారాలన్నీ బయటపెట్టింది.

మద్రాసు రాజధానిలో చెరువులు ఎన్ని అనే ప్రశ్నకు 1850లలో పబ్లిక్ వర్క్స్ కమిషను వారు సమాధానం వెతికారు. 14 జిల్లాలలో మరమ్మతులో ఉన్నవి 43,000, చెడిపోయినవి 10,000, మొత్తం 53,000 అని తేల్చారు. ఒక్కొక్క కట్ట సగటున అర మైలు అనుకున్నా సుమారు 26,500 మైళ్ల మట్టికట్ట అవుతుంది. భూమి చుట్టుకొలత 25,000 మైళ్లు. అంటే మన తాతలు మోసిన మట్టి భూగోళాన్ని ఒక చుట్టు చుట్టి ఇంకా మిగులుతుందన్నమాట. అందులో అయిదో వంతు అప్పటికే పాడుపడి ఉందని కూడా ఆ లెక్కే చెబుతోంది. అదే రోజులలో కాటన్ దొర గోదావరి ఆనకట్ట 1852లో, కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. మేలు జరిగింది, కాదనలేము. అయితే సర్కారు దృష్టి, డబ్బు పెద్ద నదుల వైపు మళ్లాయి.

చిన్న కట్టల కోసం 1858లో మద్రాసు రాజధానికి ఒక చట్టం వచ్చింది. దాన్ని నిర్బంధ శ్రమ చట్టం అనేవారు. వరద వచ్చి కట్ట తెగే ప్రమాదం ఉంటే గ్రామాధికారి కేకవేసి కూలిజనాన్ని పిలవవచ్చు. వచ్చినవారికి కూలి ఇవ్వాలి. రానివారికి శిక్ష. ఆనవాయితీగా రైతులు చేయవలసిన కుడిమరామతు పని చేయకపోతే దాని ఖర్చు వారి నుంచి రాబట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది. పేరు వింటే వెట్టిచాకిరీ గుర్తుకొస్తుంది. ఆ పిలుపు బరువంతా కూలిజనం మీద, అంటే బీదల మీద పడిన మాట కూడా నిజమే. అయినా ప్రమాదవేళ ఎవరు పిలవాలి, ఎవరు రావాలి అనేది కాగితం మీద తేల్చిన చట్టం అది.

కార్వేటినగరం దావా

ఇక లండన్ దాకా వెళ్లిన వ్యవహారానికి వస్తాను. కార్వేటినగరం ఇప్పుడు చిత్తూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో పెద్ద జమీందారీ. ఆ జమీలో రెండు చెరువులు అసాధారణమైన వానకు తెగాయి. ఆ నీరు మద్రాసు రైల్వే కంపెనీ వారి రైలు మార్గం మీద పడి నష్టం చేసింది. కంపెనీవారు జమీందారు మీద దావా వేశారు.

వారి వాదానికి బలమైన ఆధారం ఇంగ్లండులోనే దొరికింది. లాంకషైరులో రైలాండ్స్ అనే మిల్లు యజమాని తన మిల్లు కోసం ఒక నీటి కొలను కట్టించాడు. 1860 డిసెంబరులో ఆ నీరు భూమిలోని పాత గనిసొరంగాల గుండా దిగి పక్కవాడైన ఫ్లెచర్ గనిని ముంచింది. యజమాని స్వయంగా ఏ అజాగ్రత్తా చేయలేదు. అయినా 1868లో ప్రభువుల సభ అతణ్ణి బాధ్యుణ్ణి చేసింది. ప్రమాదకరమైన వస్తువును నీ లాభం కోసం నీ భూమిలోకి తెచ్చి పోగుచేశావు, అది తప్పించుకుపోయి పక్కవాడికి నష్టం చేస్తే నీదే పూచీ అన్నారు. రైల్వేవారు దీన్నే పట్టుకుని, జమీందారు నీరు పోగుచేశాడు, అది తప్పించుకుపోయింది, నష్టం కట్టాలి అన్నారు.

జమీందారు తరపు జవాబు ఏమంటే, ఈ చెరువులు అనాదిగా ఉన్నవి, సరిగా మరమ్మతులో ఉంచాము, వచ్చినది దైవికమైన వరద. కింది కోర్టులోనూ హైకోర్టులోనూ జమీందారే గెలిచారు. కంపెనీవారు ప్రివీ కౌన్సిలుకు వెళ్లారు. 1874లో అక్కడ కూడా జమీందారుకు అనుకూలంగానే తీర్పు వచ్చింది. మన దేశపు చెరువుల స్వభావమే వేరని న్యాయమూర్తులు చెప్పారు. ఇవి ఒక మిల్లు కోసం ఒకడు తవ్వుకున్న కొలనులు కావు, హిందువుల కాలం నుంచి, ముసల్మానుల కాలం నుంచి గుర్తింపు ఉన్న దేశవ్యాప్త సాగునీటి ఏర్పాటులో భాగాలు అన్నారు. ఇందాక నేను చెప్పిన 53,000 చెరువుల లెక్కను కూడా వారు ఎత్తి చూపారు. కనుక రైలాండ్స్ సూత్రం ఇక్కడికి వర్తించదు, అజాగ్రత్త రుజువైతేనే జమీందారు బాధ్యుడు అని తేల్చారు.

న్యాయవాదులు ఈ తీర్పును ‘జమీందారు తప్పించుకున్నాడు’ అని గుర్తుపెట్టుకుంటారు. నలభై ఏళ్లు ఫైళ్లు చదివిన అలవాటు వల్ల కాబోలు, నా కన్ను అందులో ఇంకొక మాట మీద ఆగింది. ఈ చెరువులను తీసివేసే అధికారం జమీందారుకు లేదు, ఎందరో బతుకులు ఆధారపడి ఉన్నందున వాటిని కాపాడి మరమ్మతు చేయడం అతని హోదాతోపాటు వచ్చిన విధి అని వారు స్పష్టంగా చెప్పారు. అంటే చెరువు నీదే గాని, ‘నా చెరువు, నా ఇష్టం’ అనే హక్కు నీకు లేదు. నష్టపరిహారం నుంచి జమీందారును కాపాడింది అతని పలుకుబడి కాదు, కట్టను సరిగా ఉంచాడన్న రుజువు. దశబంధం కాగితంలో ఉన్న న్యాయమే ఇది. ఇంగ్లీషు కోర్టు మళ్లీ మన న్యాయాన్నే మనకు చెప్పింది.

యజమాని మారాడు, కాపలా పోయింది

ఆ తర్వాతి కథ మన పెద్దల కాలానిది, మన కాలానిది. 1883 నుంచి మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం నడిపింది. దాని కింద చెరువు చెరువుకూ ఒక మెమోయిర్ రాసేవారు. కట్ట మట్టం ఎంత, తూము గడప మట్టం ఎంత, అలుగు పొడవు ఎంత, ఆయకట్టు ఎంత అన్నీ అందులో ఉండేవి. 1908 ఎస్టేట్సు లాండు చట్టంలో జమీ చెరువుల మరమ్మతుకు రైతులు కలెక్టరుకు అర్జీ పెట్టుకునే వీలు వచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి, వాటి చెరువులు ప్రభుత్వానికి దఖలుపడ్డాయి. 1956 చట్టంతో ఈనాములు కూడా రైతువారీ పట్టాలయ్యాయి. భూమి న్యాయం దృష్ట్యా ఇవన్నీ జరగవలసినవే. అయితే దశబంధం భూమికి పట్టా వచ్చినప్పుడు దానికి అంటిపెట్టుకుని ఉన్న మట్టిపని ఏ రిజిష్టరులోకి ఎక్కింది? చాలా చోట్ల ఎందులోకీ ఎక్కలేదు.

పల్నాడులో 1967 తర్వాత ఇంకొకటి జరిగింది. సాగర్ కుడికాలువ నీరు రాగానే పొలానికి చెరువుతో పని తగ్గింది. జొన్న, పత్తి పండిన నల్లరేగడిలో వరి, మిరప వచ్చాయి. కాలువ కింద కొన్ని చెరువులు మంచినీటి చెరువులయ్యాయి, కొన్ని చేపల చెరువులయ్యాయి, కొన్ని తుమ్మ అడవులయ్యాయి. మా నకరికల్లు పేరు నీళ్ల వార్తలలో చివరిసారి పెద్దగా వినబడింది 2018 నవంబరులో. గోదావరి–పెన్నా అనుసంధానం మొదటి దశకు ఇక్కడే శంకుస్థాపన జరిగింది. గోదావరి నీరు వచ్చి సాగర్ కుడికాలువలో కలిసే చోటు అని మా ఊరివాళ్లు సంతోషించారు. నీరు ఎక్కడి నుంచి వస్తుందన్న దాని మీద మనకున్న శ్రద్ధ, వచ్చిన నీటిని నిలిపే కట్ట మీద ఉండదు.

1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రద్దు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు. 1858 చట్టం ప్రకారం కేకవేయవలసిన మనిషి అతనే కనుక చెబుతున్నాను. తూము ఎత్తే దించే నీరుకట్టు కూడా క్రమంగా ఊళ్లలో కనుమరుగయ్యాడు. వాన రాత్రి గొంగడి కప్పుకుని, లాంతరు పట్టుకుని కట్ట మీద నడిచే మనిషి అతను. 1997లో రైతుల యాజమాన్య చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ, మన రాష్ట్రంలో నీరు–చెట్టు వచ్చాయి. పూడికలు తీశారు, కొన్ని కట్టలు బలపడ్డాయి. పథకానికి ఆరంభం, ముగింపు తేదీలు ఉంటాయి. కాపలాకు ముగింపు తేదీ ఉండదు.

సర్వీసులో నేను చూసిన ఒక ఫైలు సంగతి చెబుతాను. ఊరి పేరు, ఆఫీసుల పేర్లు అనవసరం. ఒక రైతు పట్టా భూమిలో పాత కుంట ఉంది. కట్ట అడుగున ఊట వస్తోందని దిగువ రైతులు అర్జీ పెట్టుకున్నారు. ఇది ప్రైవేటు కుంట, మాకు సంబంధం లేదని ఒక ఆఫీసు రాసింది. మా రిజిష్టరులో ఈ కుంట లేదని రెండవ ఆఫీసు రాసింది. సర్వే నంబరు పట్టాది కనుక మేము ఖర్చు పెట్టరాదని మూడవది రాసింది. మూడూ రూల్సు ప్రకారం సరైన జవాబులే. పట్టాదారు మాత్రం, నీళ్లు వాడుకునేది వాళ్లు, మట్టి నేనెందుకు పోయాలి అన్నాడు. ఫైలు మూడో చుట్టులో ఉండగా కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది. రాత్రికి రాత్రి గండి పడి, దిగువ పొలాలు ఇసుక మేట వేశాయి. ప్రాణనష్టం లేదు. మేట వేసిన పొలాల రైతులలో ఒకాయన ఆఫీసుకు వచ్చి పరిహారం అడగలేదు, ‘ఇంతకూ ఆ కట్ట ఎవరిదని తేలింది బాబూ’ అని అడిగాడు. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి పేరుగా పెట్టాను.

తెగినప్పుడు

అన్నిసార్లూ ఇసుక మేటతో పోదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరదను పెద్దలు కథలుగా చెప్పేవారు. సుమారు 15,000 మంది పోయారని చెబుతారు. వరద మీద పరిశీలనకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగాయని రాశారు. గొలుసుకట్టు చెరువుల గుణం అది. పైది తెగితే దాని నీరు కిందిదాని మీద పడుతుంది, కిందిది తట్టుకోలేదు. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిస్తే మహానగరం మునిగింది.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె–సికింద్రాబాదు డెల్టా పాసింజరు వలిగొండ దగ్గర పడిపోయింది. మన జిల్లావాళ్లు హైదరాబాదు ఆఫీసుల పనికి రాత్రి ఎక్కి పొద్దున దిగే బండి అది. సత్తెనపల్లి, పిడుగురాళ్ల స్టేషన్లలో దాని కోసం కాచుకుని కూర్చోని ఉద్యోగి ఉండడు. భారీ వర్షానికి ఎగువన చెరువు తెగి, ఆ వరద చిన్న రైలు వంతెనను ఊడ్చేసింది. 110 మందికి పైగా చనిపోయారు. కార్వేటినగరం దావాలోనూ చెరువు నీరు రైలు కట్ట మీదనే పడింది. 130 ఏళ్ల తర్వాత మళ్లీ అదే జరిగింది. ఈసారి పోయింది మాత్రం కంపెనీవారి సొమ్ము కాదు, మనుషులు.

2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన వరద దాని మీద పడింది. అవే రోజులలో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు ఊట కనిపించింది. అక్కడ ఊటను సమయానికి చూశారు. దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలు వేశారు, కట్ట నిలిచింది. వాన రెండు చోట్లా వానే. చూసిన కన్ను ఉన్నచోట మేలు జరిగింది.

అన్నమయ్య కట్ట తెగిన తర్వాత కొద్ది వారాలకే, 2021 డిసెంబరులో పార్లమెంటు ఆనకట్టల భద్రత చట్టం చేసింది. తనిఖీలు, జవాబుదారీ, శిక్షలు అన్నీ ఉన్న మంచి చట్టం. అయితే అది 15 మీటర్లకు మించిన ఎత్తున్న ఆనకట్టలకు, 10 నుంచి 15 మీటర్ల వాటిలో కొన్ని ప్రత్యేక లక్షణాలున్న వాటికి మాత్రమే వర్తిస్తుంది. మన ఊరి కుంట కట్ట దాని కిందికి రాదు. సొంత భూమిలో తవ్వించుకున్న పంట కుంట, గుత్తకు ఇచ్చిన చేపల చెరువు, ఫ్యాక్టరీవారి నీటి గుంట కూడా రావు. కార్వేటినగరం జమీందారు మీద ఉన్నంత విధి అయినా తన మీద ఉందని వీటి యజమానులలో ఎందరికి తెలుసు?

కట్ట ఎలా తెగుతుంది

ఇంజనీర్లు కానివాళ్లం కూడా తెలుసుకోగలిగిన సంగతులు కొన్ని ఉన్నాయి. మట్టికట్ట మూడు విధాలుగా పోతుంది.

మొదటిది పొర్లి పోవడం. రాతికట్ట మీదుగా కాసేపు నీరు దూకినా నిలుస్తుంది. మట్టికట్ట మీదుగా జానెడు నీరు పొర్లితే వెనక వాలు కోసుకుపోతుంది. అలుగు ఉన్నది అందుకే. కట్ట పైమట్టానికీ అలుగు మట్టానికీ నడుమ ఉన్న ఖాళీయే ఊరికి రక్ష. ఇంకో తడికి నీరు దక్కుతుందని రైతులు అలుగు మీద మట్టి వేసి అడుగు ఎత్తు పెంచుతారు. చేపలు పోకుండా గుత్తదార్లు అలుగుకు వలలు, తడికలు కడతారు. వరదలో కంప, చెత్త వచ్చి వాటికి అడ్డం పడితే అలుగు లేనట్టే.

రెండవది లోపల తొలుచుకుపోవడం. ఏ మట్టికట్టకైనా కొద్దిగా ఊట ఉంటుంది. తేటగా, ఎప్పుడూ ఒకేలా వస్తే అంత భయం లేదు. బురదగా వచ్చినా, నిన్నటికంటె ఇవాళ ఎక్కువైనా లోపల మట్టి కదులుతోందని అర్థం. పందికొక్కులు, ఎండ్రకాయలు చేసిన బొరియలు, చెదపుట్టలు, తూము రాతికీ మట్టికీ నడుమ సందు, చచ్చిన తుమ్మచెట్టు కుళ్లిన వేరు, ఇవన్నీ నీటికి దారులే. కట్ట మీద చెట్టు ఉంటే గట్టిదనం అని మనవాళ్ల నమ్మకం. గడ్డి మంచిది, చెట్టు మంచిది కాదు.

మూడవది జారిపోవడం. మన నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, నానితే ఉబ్బుతుంది. నెర్రెలలో తొలకరి నీరు దిగితే వాలు విరుచుకుపడుతుంది. నిండిన చెరువును ఒక్కసారిగా ఖాళీ చేసినా లోపలి వాలు జారుతుంది.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు అవసరం లేదు. మే నెలలో బొరియలు పూడ్చి దిమ్మిస కొట్టడం, కంప నరకడం, అలుగు శుభ్రం చేయడం, తూము తలుపు ఆడుతుందో లేదో చూడటం, వాన పడినప్పుడు కట్ట వెనక పాదం వెంట ఒకసారి నడవడం. ఖర్చు తక్కువైన పనే ఎవరిదీ కాకుండా పోతుంది, ఎందుకంటే దానికి టెండరు ఉండదు.

మనం చేయగలిగినది

మా మండలంలో చేజర్ల కపోతేశ్వరస్వామి గుడి ఉంది. బౌద్ధుల చైత్యం శివాలయమైందని చరిత్రకారులు చెబుతారు. శరణు జొచ్చిన పావురం కోసం శిబి చక్రవర్తి తన ఒంటి మాంసం కోసి త్రాసులో వేసిన చోటు అదేనని స్థలపురాణం చెబుతుంది. కట్ట కింద ఇల్లు కట్టుకున్నవాడు, పైరు వేసుకున్నవాడు, ఆ కట్టను శరణు జొచ్చినవాడే. కట్ట ఎవరి పట్టాలో ఉంటే వారు ఆ శరణు ఇచ్చినవారు. ఈ రోజుల్లో వారిని మాంసం కోసివ్వమని ఎవరూ అడగరు. ఏడాదికి నాలుగు బండ్ల మట్టి అడుగుతారు.

మన పెన్షనర్లలో పొద్దున్నే నడిచే అలవాటు లేనివారు తక్కువ. ఆ నడకలో వారానికి ఒక రోజు ఊరి చెరువు కట్టకు కేటాయించవచ్చు. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని తేదీ, నీటి మట్టం, ఊట తేటగా ఉందా బురదగా ఉందా, అలుగుకు అడ్డాలేమైనా ఉన్నాయా అని నాలుగు కాలమ్‌లు రాస్తే చాలు. కాలమ్‌లు నింపడం మనకు చెప్పాలా! తేడా కనిపిస్తే సచివాలయానికి, తహశీల్దారు గారికి, నీటిపారుదల శాఖకు, పట్టాదారు ఉంటే అతనికి కూడా తేదీ వేసి కాగితం ఇచ్చి, రసీదు తీసుకోవాలి. యజమాని ఎవరన్నది వాళ్లు తేల్చుకుంటారు. చెప్పలేదన్న మాట మాత్రం ఎవరూ అనలేరు. 1874 తీర్పు ప్రకారం అసలు ప్రశ్న అజాగ్రత్త ఉందా లేదా అన్నదే. ఆ రసీదు అప్పుడు పలుకుతుంది.

కుటుంబంలో ఎవరైనా పొలంలో కుంట తవ్విస్తుంటే, లోతు ఎంత అని అడిగే ముందు అలుగు ఎక్కడ పెడుతున్నావని అడగండి. ఎక్కువైన నీరు ఎవరి పొలం మీదుగా పోతుందో చూడమనండి. తొలకరికి ముందు, మే నెలలోనే కట్ట చుట్టూ ఒకసారి నడిచి రమ్మనండి. మోకాళ్లు సహకరిస్తే మీరూ వెళ్లండి.

— విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, నకరికల్లు